లేపాక్షి ట్రిప్‌కి ఈఎంఐ కెమెరా అవసరమా?

పరీక్షలు అయిపోయాయి. క్యాంపస్ డ్రైవ్‌లు ఇంకా మొదలు కాలేదు. ఈ గ్యాప్‌లో ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపుల్లో రెండే చర్చలు: ఎక్కడికి వెళ్దాం, ఏ కెమెరా తీసుకుందాం?

మొదటి ప్రశ్నకు జవాబు మన చుట్టుపక్కలే ఉంది. లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. 2024 జనవరి 16న ప్రధాని అక్కడికి వచ్చి వెళ్లారు. అదే ఏడాది చివర్లో పక్క జిల్లాలోని గండికోట అభివృద్ధికి కేంద్రం రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. రాష్ట్రం టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఇక ఈ చోట్లకి వచ్చే జనం పెరుగుతారు, వాళ్లతోపాటు ఫొటోలూ పెరుగుతాయి. 'మనమూ కెమెరా కొంటే నాలుగు డబ్బులు వస్తాయేమో' అన్న ఆలోచన అక్కడే పుడుతోంది. ఆ లెక్క ఒకసారి చూద్దాం.

'వడ్డీ లేదు' అంటే నమ్మొచ్చా?

60 వేల కెమెరా అనుకుందాం. మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ, బ్యాగు కలిస్తే బిల్లు ఇంకాస్త పెరుగుతుంది. 12 నెలల ఈఎంఐ అంటే నెలకి 5 వేల పైమాటే. వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. క్రెడిట్ కార్డుల మీద ఇచ్చే 'జీరో పర్సెంట్' స్కీముల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచేస్తున్నారని ఆర్‌బీఐ 2013 సెప్టెంబర్‌లోనే చెప్పింది. ఇప్పటి 'నో కాస్ట్' ఆఫర్లలోనూ ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, నగదుకి ఇచ్చే డిస్కౌంట్ పోతోందా అన్నవి చూసుకోవాలి. ఉద్యోగం రాకముందే సిబిల్ స్కోరు పాడైతే, తర్వాత లోన్ కావాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది పడేది మీరే.

చేతిలో ఉన్న ఫోన్‌తో కనీసం ఆరు నెలలు తీయండి. ఆ తర్వాత కూడా 'ఫోన్‌తో ఈ ఫొటో రావడం లేదు' అని కచ్చితంగా చెప్పగలిగితే, అప్పుడు సెకండ్ హ్యాండ్ చూడండి. పాత డీఎస్‌ఎల్‌ఆర్ కొనేటప్పుడు షట్టర్ కౌంట్ అడగాలి. ఎంట్రీ లెవెల్ మోడళ్లను సాధారణంగా లక్ష క్లిక్కుల లెక్కన తయారు చేస్తారు. బైక్‌కి ఓడోమీటర్ ఎలాగో దీనికి ఇది అలాగ.

ఇక్కడి ఎండే అసలు సమస్య

అనంతపురం వానచాయ ప్రాంతం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరు. మబ్బు తక్కువ కాబట్టి మిట్టమధ్యాహ్నం వెలుగు కత్తిలా ఉంటుంది. నీడలు నల్లగా, ఆకాశం తెల్లగా వచ్చేస్తాయి. ఏ ఖరీదైన కెమెరా అయినా ఆ టైంలో ఇదే ఇబ్బంది. మందు ఒకటే: పొద్దున 8లోపు, సాయంత్రం 5 తర్వాత తీయడం. పక్కనుంచి పడే ఎండలోనే నంది మెడలోని గంటల దండలు, గుత్తి కోట గోడల గరుకుతనం స్పష్టంగా తేలతాయి.

మధ్యాహ్నం తప్పనిసరైతే, స్క్రీన్ మీద ఆకాశం దగ్గర నొక్కి వెలుగును కొంచెం కిందికి లాగండి. నల్లగా వచ్చిన చోటును ఎడిటింగ్‌లో కొంతైనా వెనక్కి తేవచ్చు. పూర్తిగా తెల్లబడిన చోట సమాచారమే ఉండదు, తేవడానికి ఏమీ మిగలదు.

వేడి సంగతీ ఉంది. ఐఫోన్‌ను 35 డిగ్రీలలోపు వాడమని యాపిలే చెబుతోంది. మన ఎండాకాలం 40 దాటుతుంది. ఫోన్ కాలిపోతుంటే స్క్రీన్ మసకబారడం, కెమెరా ఆగిపోవడం మామూలే. కవర్ తీసేయండి, నీడలో పెట్టండి, ఆపి ఉన్న కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం వదలొద్దు. అన్నిటికన్నా ముందు లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. దుమ్ముకి మన దగ్గర లోటు లేదు!

గుడి లోపల ఎలా?

లేపాక్షి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ఆ శాఖ 2018లో, మూడు చోట్లు మినహా, తన కట్టడాల్లో ఫొటోలకి ఉన్న ఆంక్షలు ఎత్తేసింది. కానీ ట్రైపాడ్, లైట్లు, డ్రోన్‌లకు అనుమతి కావాలి. గర్భగుడి దగ్గర ఆలయ నియమమే చెల్లుతుంది.

ట్రైపాడ్ లేకుండా పైకప్పు బొమ్మలు తీయాలంటే, బ్యాగు నేల మీద పెట్టి దానిపై ఫోన్‌ను కెమెరా పైకి ఉండేలా ఉంచండి. మూడు సెకన్ల టైమర్ పెట్టండి, ఫోన్ కదలదు. ఫ్లాష్ వద్దు. పాత రంగులకి మంచిది కాదు, ఫొటోకీ మంచిది కాదు. వేలాడే స్తంభం కింద సందు కనబడాలంటే ఫోన్‌ను తలకిందులు చేసి లెన్స్ నేలకి ఆనేలా పట్టుకోండి. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను దాదాపు 5 ఎకరాల్లో పరుచుకుంది. అది మొత్తంగా ఫ్రేములో పట్టదు. ఊడల మధ్య ఒక మనిషిని నిలబెట్టి తీస్తే చెట్టు ఎంత పెద్దదో చూసేవాళ్లకి అర్థమవుతుంది.

ఎడిటింగ్: ఎక్కడ ఆగాలి?

స్నాప్‌సీడ్ ఉచితం, రా ఫైళ్లనూ తెరుస్తుంది. వరస ఇలా పెట్టుకోండి: ముందు ఫొటో వంకర సరిచేయడం, తర్వాత క్రాప్, హైలైట్స్ తగ్గించడం, షాడోస్ కొంచెం పెంచడం, వైట్ బ్యాలెన్స్, చివరగా రంగు. అయిపోయాక ఫోన్ పక్కన పెట్టి, పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. ఎక్కువైంది ఏదో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఏఐతో ఇంకో చిక్కు వచ్చింది. గూగుల్ ఫొటోస్ 2024 మే నుంచి మ్యాజిక్ ఎరేజర్‌ను అందరికీ తెరిచింది. అడ్డొచ్చిన ప్లాస్టిక్ బాటిల్‌ని చెరిపేస్తే పెద్ద నష్టం లేదు. కానీ ఎండిన చెరువులో నీళ్లు నింపి, గోధుమరంగు కొండలకి పచ్చరంగు పూసి 'మా అనంతపురం' అని పెడితే అది అబద్ధం. అది చూసి వచ్చిన పర్యాటకుడు నిరాశతో వెనక్కి వెళ్తాడు. కరువు మీద మాట్లాడాల్సినప్పుడు మన ఫొటోలే మనకి వ్యతిరేక సాక్ష్యం అవుతాయి. ఎర్రనేల, గుండ్రాళ్ల గుట్టలు, గాలిమరలు ఈ నేల అసలు రూపం. అదీ బాగుంటుంది.

రెజ్యూమెకి పనికొస్తుందా?

వస్తుంది, పద్ధతిగా చేస్తే. కంప్యూటర్ విజన్ ఇంటర్వ్యూలో ఐఎస్‌వో పెంచితే నాయిస్ ఎందుకు పెరుగుతుందో, హిస్టోగ్రామ్ ఏం చెబుతుందో మీ సొంత ఫొటోలతో వివరించగలిగితే, పుస్తకంలో చదివి చెప్పినదానికన్నా బలంగా ఉంటుంది. డిజిటల్ మార్కెటింగ్, టూరిజం, మీడియా ఉద్యోగాలకైతే పోర్ట్‌ఫోలియో నేరుగా పనికొస్తుంది. కట్టడాల ఫొటోల కోసం ఏటా 'వికీ లవ్స్ మాన్యుమెంట్స్' పోటీ నడుస్తుంది. అందులో పెట్టిన ఫొటోను ఎవరైనా, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చని తెలుసుకునే పెట్టండి.

హక్కుల విషయం మర్చిపోవద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు తీసిన ఫొటో మీదే. కానీ ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు వాళ్లే. కాబట్టి రిసార్ట్‌కో, ట్రావెల్స్‌కో తీసేముందు వాటిని పోర్ట్‌ఫోలియోలో వాడుకుంటామని ఒక మెసేజ్ అయినా రాయించుకోండి. పొలంలో పనిచేసేవాళ్లను తీయాలంటే ముందు అడగండి. వాళ్ల కష్టం మన రీల్‌కి బ్యాక్‌గ్రౌండ్ కాదు.

ఈ సెలవుల్లో ఒక్క చోటు ఎంచుకుని, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్లి పన్నెండు ఫొటోలు మిగుల్చుకోండి. ఒక్కోదాని కింద ఏ టైంలో, ఎందుకు అలా తీశారో రెండు లైన్లు రాయండి. ఒరిజినల్స్ రెండు చోట్ల దాచండి. ఎవరికైనా పంపాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, క్వాలిటీ తగ్గదు. దీనికయ్యే ఖర్చు బస్సు చార్జీలే.