మసక గ్రహణానికి లేని భయం!

నల్లగొండ: చంద్రగ్రహణమంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పరీక్ష చూలాలికే. విడిచేదాకా మంచినీళ్లు కూడా ముట్టరాదు, కత్తిపీట తాకరాదు, కదలక పడుకోవాలి. లేకుంటే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని పెద్దల భయం. 2025 సెప్టెంబరు 7న రాత్రి 9.57కు పట్టిన సంపూర్ణ గ్రహణం దాదాపు మూడున్నర గంటలకు గాని విడువలేదు.

మరి 2023 మే 5 నాటి సంగతేమిటి? ఆ వైశాఖ పున్నమి రాత్రి 8.44 నుండి 1.01 వరకు, అంటే ఇంకా ఎక్కువ సేపే, చంద్రుడు భూమి పలుచని నీడలో ఉన్నాడు. వెన్నెల కాస్త మసకబారిందే తప్ప బింబం తరగలేదు. ఇటువంటి దానికి పంచాంగం పట్టింపు చెప్పదు. పట్టు స్నానాలు లేవు, విడుపు స్నానాలు లేవు. చూలాళ్లు ఎప్పటిలాగే తిన్నారు, కూరలు తరిగారు. నీడ మాత్రం ఆ భూమిదే!

బిడ్డ పై పెదవి గర్భంలో కలిసిపోయేది మొదటి ఏడు వారాల్లోనేనని వైద్యులు చెబుతారు. ఏడో నెల గర్భిణిని పస్తుంచి కాపాడగలిగేది ఏమీ లేదు. నీళ్లు లేక ఆమె సొమ్మసిల్లితే మాత్రం ముప్పే. మొర్రిని ఆపరేషన్‌తో సరిచేయవచ్చు. అటువంటి బిడ్డను కన్న తల్లిని “గ్రహణం నాడు ఏం కోశావే?” అని నిలదీయడం మరీ అన్యాయం.

2028 డిసెంబరు 31 రాత్రి మన ప్రాంతంలో సంపూర్ణ చంద్రగ్రహణం కనిపించనుంది. స్నానాలు, జపాలు ఎవరి ఇష్టం వారివి. చూలాలికి చెంబెడు నీళ్లు ఇచ్చే మాట ఆ ఇంటి అత్తలు ఇప్పటి నుంచే ఆలోచించాలి.