నాలందాను గూర్చిన ఒక సులభమైన కథ

బీహారులోని నాలందా శిథిలములను దర్శింపవచ్చిన యాత్రికునకు ఇటుక గోడలకన్న ముందు ఒక కథ ఎదురగును. బఖ్తియార్ ఖిల్జీ వచ్చెను, గ్రంథాలయమునకు నిప్పు పెట్టెను, నెలల తరబడి పుస్తకములు కాలెను, విద్య అంతటితో అంతరించెను. దీనిని కాదనుటకు బయలుదేరిన మరికొందరు, ఎన్నో శతాబ్దముల తరువాత వ్రాయబడిన టిబెట్టు గ్రంథములనుండి బౌద్ధేతరులైన ఇద్దరు భిక్షుకులను పట్టి తెచ్చి, నిప్పు పెట్టినవారు వీరే యందురు. ఉభయపక్షములకును కావలసినది ముద్దాయియే గాని నాలందా కాదు.

మిన్హాజుద్దీన్ తన ‘తబఖాత్-ఇ-నాసిరీ’లో బఖ్తియార్ దాడిని వర్ణించిన మాట నిజము. కోటయని పట్టుకొన్నది విద్యాలయమని తరువాత తెలిసెననియు, ముండిత శిరస్కులందరును హతులు కాగా అచట దొరికిన పుస్తకముల అర్థము చెప్పువాడు మిగులలేదనియు అతడే వ్రాసెను. ఇంతకన్న ఘోరమైన సాక్ష్యము అక్కరలేదు. కాని ఆ చోటు నాలందా యని అతడు చెప్పలేదు. అది సమీపముననున్న ఓదంతపురి యని పండితులలో పెక్కురి మతము.

బఖ్తియార్ 1206లో మరణించెను. టిబెట్టు భిక్షువు ధర్మస్వామి 1235 ప్రాంతమున నాలందాకు వచ్చెను. తురుష్కులు చేసిన నష్టమును అతడు దాచలేదు. అయినను తొంబది యేండ్లు దాటిన రాహుల శ్రీభద్రుడు అక్కడ డెబ్బదిమంది శిష్యులకు పాఠము చెప్పుచుండెను. ఓదంతపురిలో నిర్బంధమందున్న జయదేవుడను బ్రాహ్మణ గృహస్థు, సైనికులు వచ్చుచున్నారని రహస్యముగా వార్త పంపెను. తక్కినవారు పారిపోయిరి. ధర్మస్వామి వృద్ధగురువును భుజములపై నెక్కించుకొని ఒక ఆలయమున దాగెను. మూడువందల మంది సైనికులు వచ్చి మరలిపోయిరి, గురుశిష్యులు బ్రదికిరి. ఈ వృత్తాంతము రోరిక్ ఆంగ్లానువాదముతో 1959లోనే పాట్నాలో అచ్చయినది. ముద్దాయిని వెదకువారిలో దానిని తెరచి చూచినవారెందరు?

నిప్పు నాలందాకు క్రొత్త కాదు. అగ్నిదగ్ధమైన దానిని బాలాదిత్యుడను నతడు ఉద్ధరించినట్లు మహీపాలుని పదునొకండవ రాజ్యవర్షపు శాసనము చెప్పుచున్నది. అది బఖ్తియారునకు సుమారు రెండువందల యేండ్ల ముందటి మాట. కాలినది తిరిగి లేచెను. కావున అడుగవలసినది తగులబెట్టినవాడెవడని మాత్రమే కాదు, ఈమారు తిరిగి కట్టువాడు ఏల లేకపోయెనని. ఇత్సింగు కాలమున ఈ విహారము రెండువందలకు పైగా గ్రామముల రాబడిపై బ్రదికెను. సువర్ణద్వీపపు రాజు బాలపుత్రదేవుడు కోరగా దేవపాలుడు మరి అయిదు గ్రామముల నిచ్చెను. దానపత్రము వ్రాయు పాలవంశము పోయిన పిమ్మట అన్నము పెట్టు చేయి లేదు. ఖడ్గము నేరము దీనివలన తగ్గదు. కాని రాజు పోయినంతనే పస్తుండు విద్యకు ఆయుర్దాయ మెంత?

చుట్టునున్న పల్లెలు ఆ విద్యను తమదని యెంచినట్లు కానరాదు. 1812 ప్రాంతమున బుకానన్ వచ్చునాటికి, ఆ దిబ్బల ప్రక్కనే కాపురమున్న బడగావ్ ప్రజలకు అది నాలందా యని తెలియదు. చీనా యాత్రికుల దారి లెక్కలు చూచుకొని కనింగ్‌హామ్ 1861-62లో వచ్చి ఆ పేరు చెప్పవలసి వచ్చెను.