విడాకుల తీర్పు నకలు భద్రంగా ఉందా?

నికాహ్‌నామాను పదిలంగా దాచుకునే మన కుటుంబాలు విడాకుల పత్రం విషయంలో ఉపేక్ష వహిస్తున్నాయి. చేదు జ్ఞాపకం ఇంట్లో ఎందుకని కొందరు భావిస్తారు. కాని పునర్వివాహం, పాస్‌పోర్టు, పిల్లల సంరక్షణ వంటి సందర్భాల్లో ఆ కాగితం లేని స్త్రీ మాటకు ఆధారం కరువవుతుంది.

1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం క్రింద భార్య పొందిన విడాకులకు న్యాయస్థానపు డిక్రీయే ప్రమాణం. తీర్పు వెలువడిన కోర్టులోనే దాని నకలు కోరాలి. కేసు సంఖ్య, సంవత్సరం, ఉభయపక్షాల పేర్లు పేర్కొంటూ ఆమె స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ దరఖాస్తు చేసి, నిర్ణీత రుసుము చెల్లించాలి. సంఖ్య గుర్తులేనివారు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో జిల్లాను, కోర్టును ఎంచుకొని కక్షిదారు పేరుతో వెదకవచ్చు. పాత కేసు అక్కడ కనబడకపోతే నాటి న్యాయవాదిని గానీ కోర్టు కార్యాలయాన్ని గానీ సంప్రదించాలి. జిరాక్సుతో సరిపెట్టుకోక, కోర్టు ముద్ర, అధికారి సంతకం గల ధ్రువీకృత నకలే తీసుకోవాలి.

ఖాజీ వద్ద జరిగిన ఖులాకు కోర్టులో రికార్డు ఉండదు. దాని పత్రాన్ని ఖాజీ కార్యాలయంలోనే అడగాలి.

విడాకుల వేళ న్యాయవర్తనులైన ఇద్దరిని సాక్షులుగా ఉంచుకోవాలని దివ్యఖుర్ఆన్‌లోని తలాఖ్ సూరా బోధిస్తున్నది. ఆ సాక్ష్యాన్ని కాగితం రూపంలో ఆడబిడ్డ చేతికి అందించవలసిన బాధ్యత తండ్రులదీ, సోదరులదీ అని మేము మనవి చేస్తున్నాము.