చేయి తిరిగినవాడు, ఊరు మారినవాడు



మన గ్రూపులో కుర్రాళ్ళు మూడు రోజులుగా ఒకటే వాదన. జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ గొప్పా అని. అది ఇప్పట్లో తేలేది కాదు, నేను అందులోకి దిగను. అమెరికా బాస్కెట్‌బాల్‌లో నాకు ఇంకో రకం ఆటగాళ్ళంటే ఇష్టం. పిల్లల గదుల్లో వాళ్ళ పోస్టర్లు ఉండవు. వాళ్ళ పేరున్న జెర్సీ కొంటే ఏడాది తిరక్కుండా పాతదైపోతుంది, ఎందుకంటే అప్పటికి మనిషి ఇంకో టీములో ఉంటాడు. ఇలాంటివాళ్ళని అక్కడ జర్నీమ్యాన్ అంటారు. ఈ పోస్టు వాళ్ళ గురించి. కొంచెం పొడుగే, ఆదివారం కదా, ఓపిగ్గా చదవండి. చివర్లో మన సంఘం సంగతి కూడా ఒకటుంది.

ముందు ఆ మాట సంగతి. జర్నీమ్యాన్ అంటే ప్రయాణాలు చేసేవాడని చాలామంది అనుకుంటారు. కాదు. ఫ్రెంచిలో రోజుకి, రోజు పనికి ఉన్న మాటలోంచి వచ్చింది అది. పాతకాలం యూరప్‌లో వడ్రంగం, కమ్మరం లాంటి పనుల్లో శిష్యరికం పూర్తి చేసి, సొంత దుకాణం లేక, ఇంకొకరి దగ్గర రోజు కూలికి పనిచేసేవాణ్ణి అలా పిలిచేవారు. అంటే పని రానివాడు కాదు. చేయి తిరిగినవాడే. దుకాణం ఒక్కటే లేదు. ఈ అర్థం గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

"నిజంగా అంత బాగా ఆడితే ఒక్క టీమైనా ఉంచుకోదా?" అని ఎవరైనా అడుగుతారు. ఎన్‌బీఏ ఎలా నడుస్తుందో చూస్తే జవాబు దొరుకుతుంది. 30 టీములు, ఒక్కో టీముకి 15 మంది మామూలు కాంట్రాక్టు ఆటగాళ్ళు. జీతాలకి పరిమితి ఉంది. ఆ పరిమితి దాటిన టీము ఇంకో టీము నుంచి పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోవాలంటే ఇచ్చే జీతాలకీ తెచ్చుకునే జీతాలకీ లెక్క దాదాపు కుదరాలి. అది కుదర్చడానికి మధ్యస్థంగా జీతమున్న ఒకరిద్దరిని బేరంలో కలిపేస్తారు. వాళ్ళ ఆటలో తప్పేమీ ఉండదు, జీతం అంకె సరిపోయింది, అంతే. ఇది కాక 10 రోజుల కాంట్రాక్టు అని ఒకటుంది. జనవరిలో మొదలవుతుంది. ఒకే టీము అలాంటివి రెండు ఇచ్చాక, సీజన్ చివరిదాకా ఉంచుకోవాలి, లేదా పంపేయాలి. 10 రోజుల్లో కొత్త కోచ్, కొత్త ఎత్తులు, పేర్లు కూడా తెలియని తోటి ఆటగాళ్ళు. మనలో ఎవరైనా 10 రోజుల్లో కొత్త ఆఫీసులో నిరూపించుకోగలమా?

అలాగని ఎన్ని టీములు మారితే అంత గొప్ప అని కూడా నేననను. చాలాకాలం 12 టీముల రికార్డు నలుగురి పేరు మీద ఉండేది. చకీ బ్రౌన్, జిమ్ జాక్సన్, టోనీ మాసెన్‌బర్గ్, జో స్మిత్. ఇందులో జో స్మిత్ 1995 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైనవాడు. మిన్నెసోటా టీము అతనితో రహస్యంగా ఒప్పందం చేసుకుందని 2000లో బయటపడి, లీగ్ ఆ టీముకి భారీ జరిమానా వేసింది, రాబోయే డ్రాఫ్ట్ అవకాశాలు కూడా లాక్కుంది. 16 సీజన్లు నిలబడటం చిన్న విషయం కాదు. కానీ మొదటి ర్యాంకుతో వచ్చినవాడి కథలో కాస్త నిరాశ కూడా ఉంటుంది. కాబట్టి అంకె ఒక్కటే చాలదు. నా కొలతలు రెండు. అతను వచ్చాక టీము బాగుపడిందా? అతను వెళ్ళిపోయాక అక్కడ ఏం మిగిలింది?

ఆ 12 రికార్డుని దాటినవాడు ఇష్ స్మిత్. 2010లో డ్రాఫ్ట్‌లో ఏ టీమూ అతన్ని ఎంచుకోలేదు. ఎత్తు ఆరడుగులు, ఆ లీగ్‌లో పొట్టివాడి కిందే లెక్క. 14 సీజన్లలో 13 టీములకి ఆడాడు. 2015 డిసెంబరులో ఫిలడెల్ఫియా అతన్ని వెనక్కి తెచ్చుకునే నాటికి ఆ టీము 1 గెలిచి 30 ఓడింది. సీజన్ ముగిసేసరికి 10 గెలుపులు. ఇదేం ఘనకార్యం అంటారేమో. 31 ఆటల్లో ఒక్కటే గెలిచిన టీము, మిగిలిన 51 ఆటల్లో తొమ్మిది గెలిచింది. గుంపుగా పరిగెత్తుతున్న కుర్రాళ్ళకి బంతి ఎప్పుడు, ఎక్కడ అందించాలో తెలిసిన ఒక మనిషి వస్తే తేడా అలా ఉంటుంది. చివరికి 13వ టీమైన డెన్వర్‌తో 2023లో ఛాంపియన్ అయ్యాడు. ఆ ప్లేఆఫ్స్‌లో అతను ఆడింది చాలా తక్కువ. అదే టీములో జెఫ్ గ్రీన్ ఉన్నాడు. అతనూ ఎన్నో టీములు తిరిగినవాడే. 2012లో గుండెకి పెద్ద ఆపరేషన్ చేయించుకుని ఒక సీజన్ మొత్తం వదులుకున్నాడు.

ఇక నా లెక్కలో మొదటి స్థానం శామ్ కాసెల్‌ది. 1993లో 24వ ఎంపిక. మొదటి రెండేళ్ళలోనే హ్యూస్టన్‌తో రెండు ఛాంపియన్‌షిప్‌లు, 1994, 1995. ఆ తర్వాత ఏడాదికే చార్ల్స్ బార్క్‌లీ అనే ఒక్క పెద్ద ఆటగాడి కోసం నలుగురిని ఫీనిక్స్‌కి ఇచ్చేశారు. ఆ నలుగురిలో కాసెల్ ఒకడు. అదే సీజన్‌లో ఫీనిక్స్ నుంచి డల్లాస్‌కి, డల్లాస్ నుంచి న్యూజెర్సీకి. ఒక్క సీజన్‌లో మూడు ఊళ్ళు.

అక్కణ్ణుంచి చూడండి. 1999లో మిల్వాకీ వెళ్ళాడు. 1991 తర్వాత ప్లేఆఫ్స్ మొహం చూడని టీము ఆ ఏడాదే చూసింది, 2001లో ఫైనల్స్‌కి ఒక్క ఆట దూరంలో ఆగింది. 2003లో అతన్ని మిన్నెసోటాకి ఇచ్చి, బదులుగా పుచ్చుకున్నవాళ్ళలో ఒకడు ఇందాకటి జో స్మిత్. మిన్నెసోటా అప్పటికి వరసగా ఏడేళ్ళు మొదటి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టింది. కాసెల్ వచ్చిన ఏడాది 58 గెలిచి కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళింది. 34 ఏళ్ళ వయసులో అతను ఆల్‌స్టార్ అయ్యాడు. జీవితంలో అదొక్కసారే. 2005లో అతన్ని క్లిప్పర్స్‌కి పంపేశారు. ఆ క్లిప్పర్స్, కాలిఫోర్నియాకి వచ్చాక ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవని టీము, 2006లో గెలిచింది. మిన్నెసోటా మాత్రం మళ్ళీ ప్లేఆఫ్స్ చూడటానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది.

మిల్వాకీలో రే అలెన్, మిన్నెసోటాలో కెవిన్ గార్నెట్ లాంటి పెద్దవాళ్ళున్నారు, నిజమే. కానీ కాసెల్ రాకముందు కూడా గార్నెట్ ఉన్నాడు, తర్వాతా ఉన్నాడు. ఆ ఒక్క ఏడాది ఏం మారిందో ఆలోచించండి. చివరికి 2008లో బోస్టన్‌తో మూడో ఛాంపియన్‌షిప్. మొత్తం 8 టీములు.

రెండో కొలతకి నా మనిషి కెవిన్ ఆలీ. ఇతన్నీ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. చిన్న లీగుల్లో ఆడి, 1997లో ఎన్‌బీఏలో అడుగుపెట్టి, 13 ఏళ్ళలో 11 ఫ్రాంచైజీలు తిరిగాడు. పాయింట్ల పట్టికలో వెతికితే ఏమీ కనపడదు. కానీ ఎక్కడెక్కడున్నాడో చూడండి. 2001లో ఐవర్సన్ ఫైనల్స్‌కి తీసుకెళ్ళిన ఫిలడెల్ఫియాలో ఉన్నాడు. లెబ్రాన్ మొదటి ఏడాది క్లీవ్‌లాండ్‌లో ఉన్నాడు. చివరి ఏడాది, 2009-10లో, ఓక్లహోమా సిటీలో ఉన్నాడు. డ్యురాంట్, వెస్ట్‌బ్రూక్, హార్డెన్ అందరూ అప్పటికి కుర్రాళ్ళు. ముందు ఏడాది 23 గెలిచిన టీము ఆ ఏడాది 50 గెలిచింది. అదంతా ఆలీ వల్లే అంటే అబద్ధమవుతుంది. కానీ ప్రాక్టీసుకి ముందే రావడం, ఒంటిని చూసుకోవడం, ఓడిన మర్నాడు ఎలా ఉండాలో చూపించడం, ఇలాంటివి కుర్రాళ్ళకి పుస్తకం చదివితే రావు. పక్కన పెద్దవాడొకడు ఉండాలి. తర్వాత కోచ్‌గా కనెక్టికట్ యూనివర్సిటీని 2014లో జాతీయ ఛాంపియన్ చేశాడు.

షాన్ లివింగ్‌స్టన్ గురించి చెప్పకపోతే లెక్క పూర్తవదు. 2004లో హైస్కూల్ నుంచి నేరుగా నాలుగో ఎంపిక. 2007 ఫిబ్రవరిలో మోకాలు ఎంత ఘోరంగా విరిగిందంటే, కాలు తీసేయాల్సి రావచ్చని ఆసుపత్రిలో చెప్పారు. మళ్ళీ నడవడం నేర్చుకుని వచ్చి, మయామీ, ఓక్లహోమా, వాషింగ్టన్, షార్లట్, మిల్వాకీ, క్లీవ్‌లాండ్, బ్రూక్లిన్ తిరిగాడు. కొన్నిచోట్ల కొన్ని నెలలే. 2014లో గోల్డెన్ స్టేట్ చేరి మూడు ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. పాత వేగం పోయింది కాబట్టి దగ్గర్నుంచి ఎగిరి వేసే చిన్న షాట్‌ని తన ఆయుధం చేసుకున్నాడు. తిరిగిన ప్రతి ఊరూ కాస్త కాస్త నేర్పితే అలా తయారయ్యాడు.

టీముల అంచనా ఎంత తప్పవచ్చో తెలియాలంటే మోజెస్ మలోన్‌ని చూడండి. 1976లో పోర్ట్‌లాండ్ అతన్ని వదులుకుంది. బఫెలో రెండంటే రెండు ఆటలు ఆడించి పంపేసింది. తర్వాత హ్యూస్టన్‌లో, ఫిలడెల్ఫియాలో కలిపి అతను మూడుసార్లు లీగ్ మొత్తంలో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

ఒకే టీములో 20 ఏళ్ళు ఆడిన కోబీ బ్రయంట్‌ని, 21 ఏళ్ళు ఆడిన డర్క్ నొవిట్జ్‌కీని నేను తక్కువ చేయడం లేదు. వాళ్ళ నిలకడ వాళ్ళది. కానీ ఒకేచోట ఉండగలగడం గుణం మాత్రమే కాదు, అదృష్టం కూడా. ఉండనిస్తే కదా ఉండేది.

ఇప్పుడు మన సంగతి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన రాబోతోందని మీకు తెలుసు. కార్యవర్గంలోకి రావాలంటే ఈ ఊళ్ళో కనీసం పదేళ్ళు ఉండి ఉండాలని. రైల్వేలో, బ్యాంకుల్లో బదిలీ మీద వచ్చి మూడేళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళకి సంఘం మీద మమకారం ఉండదని కారణం చెబుతున్నారు. పెద్దల భయం నాకు అర్థమవుతుంది. లెక్కలు మధ్యలో వదిలేసి వెళ్ళిపోతే ఎవరు చూస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి కోశాధికారి పదవి వరకూ స్థిరపడినవాళ్ళకే అని నియమం పెట్టుకుందాం. మిగతా తలుపులు ఎందుకు మూయాలి?

మన ఆదివారం తెలుగు తరగతి మొదలుపెట్టింది ఎవరు? ఇక్కడ మూడేళ్ళే ఉన్న ఒక బ్యాంకు ఉద్యోగి. ఆయన వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఒడియా బడిలో చదువుకునే మన పిల్లలు ఇవాళ తెలుగులో పేరు రాసుకోగలుగుతున్నారంటే ఆ తరగతి వల్లే. ఆలీ దగ్గర నేను మెచ్చుకున్నది అచ్చంగా ఇదే. ఇంకో మాట, మన తాతలు కూడా ఈ ఊరికి ట్రంకు పెట్టె పట్టుకుని పనికోసం వచ్చినవాళ్ళే. అప్పుడు పదేళ్ళ నియమం ఉంటే ఈ సంఘమే పుట్టేది కాదు.

ఎన్నేళ్ళు ఉంటావని కాకుండా, ఉన్నన్నాళ్ళు ఏం చేస్తావని అడుగుదాం. సమావేశంలో నా ఓటు ఆ ప్రతిపాదనకి వ్యతిరేకంగా ఉంటుంది. మీ ఆలోచన కింద రాయండి, ఒప్పుకోకపోతే కారణం కూడా రాయండి. కుర్రాళ్ళూ, కాసెల్ కంటే గొప్ప జర్నీమ్యాన్ ఎవరైనా ఉన్నారనుకుంటే పేరు చెప్పండి, వాదించుకుందాం.