కొత్త డ్రైవరు.. పాత కారు: కాగితం చూశాకే బేరం

నందిగామ: డ్రైవింగ్ లైసెన్సు చేతికి వచ్చాక సెకండ్ హ్యాండ్ కారుతో మొదలుపెట్టడం మధ్యతరగతి కుటుంబాల్లో ఆనవాయితీ. చేయి తిరిగేలోపు గీతలు పడినా, సొట్టలు పోయినా నష్టం తక్కువన్న ఆలోచన సరైనదే. అయితే నడపడమే కొత్త అయినవారికి వాహనం మంచిచెడులు తెలియవు. రంగు, సీటు కవర్లు, మీటరులోని కిలోమీటర్లు చూసి అడ్వాన్సు ఇచ్చేస్తుంటారు. తీరా ఇంటికి చేరాక లోపం బయటపడితే దాచుకున్న సొమ్మంతా మరమ్మతులకే హరించుకుపోతుంది. ఎన్టీఆర్ జిల్లాలో కొనుగోలుదారులు మరింత అప్రమత్తంగా ఉండాల్సిన కారణాలు రెండున్నాయి. ఒకటి బుడమేరు వరద, రెండోది పక్కనే ఉన్న రాష్ట్ర సరిహద్దు.

నీట మునిగిందేమో చూడాలి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో నానాయి. ఇళ్ల ముందు నిలిపిన వాహనాలూ మునిగాయి. అలాంటి కారును శుభ్రం చేసి, రంగు వేసి అమ్మకానికి పెడితే పైకి తేడా కనిపించదు. వైరింగులో, సెన్సార్లలో చేరిన తేమ నెలల తర్వాత గానీ ప్రభావం చూపదు. సీటు బెల్టును చివరి వరకు లాగితే బురద చారలు కనిపించవచ్చు. సీట్ల కింది పట్టాలపై తుప్పు, కార్పెట్ కింద ముక్క వాసన, డిక్కీలో స్టెప్నీ ఉంచే గుంతలో ఒండ్రు కూడా ఆనవాళ్లే. పాత బీమా పాలసీలూ అడిగి తీసుకోవాలి. నో క్లెయిం బోనస్ ఒక్కసారిగా సున్నాకు పడిపోతే, అంతకుముందు ఏడాది పరిహారం పొందారేమో ఆరా తీయాలి.

హైదరాబాద్ కారు చౌకేనా?

జాతీయ రహదారి మీద ఉన్న ఊళ్లవారు హైదరాబాద్‌లో ధర తక్కువని అక్కడి కార్లపై మొగ్గు చూపడం సహజం. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక తెలంగాణ రిజిస్ట్రేషన్ కారు ఇక్కడికి పొరుగు రాష్ట్ర వాహనమే. అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28పై నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. ఇక్కడ కొత్త నంబరు పొంది, వాహనం వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ చెల్లించాలి. ఈ ఖర్చులు, తిరిగే శ్రమ కలిపి చూస్తే స్థానికంగా దొరికే కారే మేలు కావచ్చు. లెక్క వేసుకున్న తర్వాతే బేరం ఆడాలి.

పేరు మారితేనే సొంతం

ఆర్సీ, తాళాలు ఇచ్చి, ఖాళీ ఫారాలపై సంతకాలు చేయించి అమ్మకం ముగిసిందనుకోవడం పొరపాటు. ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో యాజమాన్య బదిలీని రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఇందుకు ఫారం 29, 30 వాడతారు. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన కారు ప్రమాదానికి గురైన కేసులో, రికార్డుల్లో పేరున్న వ్యక్తే పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అమ్మినవారికి ఇది ఎంత ముప్పో, కొన్నవారికి బీమా విషయంలో అంతే చిక్కు. పాలసీని 14 రోజుల్లో తమ పేరిట మార్పించుకోకుంటే సొంత కారు నష్టానికి క్లెయిం తిరస్కరణకు గురయ్యే ప్రమాదముంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఇవి సరిచూసుకోవాలి.

* ఆర్సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండిపై ఉన్నవాటితో సరిపోతున్నాయా?
* ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ఇచ్చారా?
* చెల్లించని చలానాలు ఉన్నాయా?
* డీలరు వద్ద కొంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం రవాణా శాఖ అనుమతి పత్రం ఉందా?

2019 ఒక గీత

కొత్తగా నడిపేవారికి చిన్న పెట్రోలు కారే అనువు. తక్కువ దూరాలు తిరిగేవారికి డీజిల్ కారుతో పెద్దగా కలిసిరాదు. ఏ మోడలు అన్నదానికన్నా ఎప్పుడు తయారైందన్నది ముఖ్యం. 2019 ఏప్రిల్ నుంచి కార్లలో ఏబీఎస్ తప్పనిసరైంది. అదే ఏడాది జులై 1 నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, రివర్స్ పార్కింగ్ సెన్సార్లు కూడా వచ్చి చేరాయి. సడన్ బ్రేకు వేయడం, వెనక్కి తీయడం కొత్తవారికి కష్టమైన పనులు. కాబట్టి కొంత ధర పెరిగినా ఆ తర్వాత తయారైన కారునే ఎంచుకోవడం ప్రాణాలకు భద్రత.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. ముందే వేడెక్కించి ఉంచితే లోపాలు దాగిపోతాయి. పరీక్షకు అనుభవమున్న డ్రైవరును, తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాలి. ఎల్ఎల్ఆర్ మాత్రమే ఉన్నవారు పక్కన లైసెన్సుదారు లేకుండా నడపకూడదు. కంపెనీ సర్వీసు రికార్డు చూస్తే మీటరు వెనక్కి తిప్పారా అన్నదీ తెలిసిపోతుంది.

కొత్త ధరతో పోల్చాలి

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, సెస్సు తొలగింది. దాంతో కొత్త కార్ల ధరలు దిగివచ్చాయి. పాత కారు అమ్మేవారు మాత్రం తాము నాడు కొన్న ధరనే చూపి బేరం పెట్టవచ్చు. ఇప్పటి షోరూం ధర ముందుంచుకుని మాట్లాడితే కొనేవారిదే పైచేయి. చేతిలోని సొమ్మంతా బండికే పెట్టకుండా టైర్లు, బ్యాటరీ, తొలి సర్వీసు, బీమాకు కొంత మిగుల్చుకోవాలి. బదిలీ దరఖాస్తు రవాణా శాఖకు చేరిన రోజే మిగతా మొత్తం ఇస్తామని ముందుగా కాగితంపై రాసుకుంటే ఇరుపక్షాలకూ చిక్కు ఉండదు.