పెళ్ళికి ఇచ్చిన బైబిలు షోకేసు కోసం కాదు



పోయిన నెల ఒక పెళ్ళిలో మన అసోసియేషన్ తరఫున కొత్త జంటకు జిప్పు కవరున్న తెలుగు బైబిలు ఇచ్చాం. ఫోటో దిగి గ్రూపులో పెట్టాం, అందరూ ఆమేన్ కొట్టారు. ఇంటికొచ్చాక మేమిద్దరం మా షోకేసు వైపు చూసుకున్నాం. మా పెళ్ళికి ఇలాగే ఇచ్చిన బైబిలు పదకొండేళ్ళు ఆ అద్దం వెనకే ఉండిపోయింది. అందుకే ఈ పోస్టు కొంచెం ఘాటుగా ఉంటుంది. కోపమొస్తే రానివ్వండి.

భార్యాభర్తలు కలిసి వాక్యం చదవడం లేదేమని అడిగితే అందరిదీ ఒకటే జవాబు, టైం లేదని. మన కేజీఎఫ్‌లో 2001లో గనులు మూతపడ్డాక చాలామంది బతుకు బెంగళూరు రైలు మీదే నడుస్తోంది. తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి, రాత్రికి దిగే మనిషి అలసట అబద్ధం కాదు. కానీ లెక్క చూడండి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చదివితే 52 వారాల్లో పూర్తవుతుంది. శని, ఆదివారాలు మిగిలే ఉంటాయి. మామూలు అధ్యాయానికి పది నిమిషాలు చాలు. రైల్లో ఫోను చూసేది అంతకంటే ఎక్కువ.

మనం చేసేదేమిటి? డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకుంటాం. ఆ ఊపులో ఆదికాండంతో మొదలుపెడతాం. లేవీయకాండం దగ్గర ఆగిపోతాం. మిగతా ఏడాదంతా కార్డు మీది ఒక్క వచనంతో సరిపెట్టుకుంటాం.

అసలు అడ్డు టైం కాదు, మగవాడి పరువు. మా సంగతే చెబుతాం. మాలో భర్తది కన్నడ మీడియం, భార్యది కుప్పం వైపు తెలుగు మీడియం. కుటుంబ ప్రార్థన ఇంటి యజమానే నడిపించాలని పట్టు. ఆ యజమానికేమో తెలుగు చదవడం రాదు. ఆవిడ చదివితే చిన్నతనం. దాంతో పదకొండేళ్ళు ఎవరూ చదవలేదు. ఆవిడ మాత్రం ఆయన రైలెక్కాక వంటింట్లో ఒంటరిగా చదువుకునేది. చివరికి రెండేళ్ళ క్రితం ఒక రాత్రి, "నువ్వు చదువు, నేను వింటా" అనే మాట ఆయన నోట వచ్చింది. "ఏమండీ, కన్నడ అక్షరాలు వచ్చినవాళ్ళకు ఇవెంత?" అంది ఆవిడ. నిజమే, రెండూ ఒకే తల్లి లిపి పిల్లలు. నెల తిరిగేసరికి తడుముకుంటూ ఒక్కో వచనం చదవడం మొదలైంది. తమిళనాడు, ఒడిశాల్లో లిపి దూరమైన మనవాళ్ళు, ఒకరు తెలుగులో చదవండి, ఇంకొకరు తమకొచ్చిన భాషలో చూస్తూ వినండి.

భర్తే నడిపించాలన్నవాళ్ళు అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం తీయండి. అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టి బతికిన దంపతులు. అపొల్లో అంతటి పండితుణ్ణి ఇంటికి పిలిచి, ఇద్దరూ కలిసి దేవుని మార్గం విడమర్చి చెప్పారు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు వందనాలు చెబుతూ ముందు రాసింది భార్య పేరే.

ఇంకొందరు "మా ఆవిడ చదువుతుందిలే, నా కోసం కూడా ప్రార్థన చేస్తుంది" అంటారు. ఆవిడ అన్నం తింటే మీ కడుపు నిండుతుందా?

ఇక వాక్యాన్ని కర్రలా వాడే అలవాటు. ఎఫెసీ 5:22 గొడవ రోజున ప్రతి భర్తకూ కంఠతా వస్తుంది. ఒకరికొకరు లోబడమనే 21, ప్రాణం పెట్టేంతగా ప్రేమించమనే 25 మాత్రం గుర్తురావు. మా ఇంట్లో ఒకటే రూలు: చదివాక "ఇది నీకే" అనకూడదు, "ఇది నాకు" అనాలి. ప్రసంగం లేదు, పంచాయితీ లేదు.

మేమేమీ ఆదర్శ దంపతులం కాదు. మాటల్లేని రాత్రుల్లోనూ చదివాం. పిల్లల పరీక్షలప్పుడు పదిహేను రోజులు మూసేశాం కూడా. మళ్ళీ మొదటికి వెళ్ళకుండా ఆగినచోటే అందుకున్నాం. పగ పెట్టుకుని ఒకే పుస్తకం ముందు కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

అసోసియేషన్‌కు మా మాట ఇది. వచ్చే పెళ్ళికి బైబిలుతోపాటు ఒక జంటను కూడా ఇద్దాం. మొదటి మూడు నాలుగు వారాలు, వారానికొక సాయంత్రం, చదివే అలవాటున్న దంపతులు కొత్తవాళ్ళింటికి వెళ్ళి వాళ్ళతో కూర్చోవాలి. మార్కు సువార్త 16 అధ్యాయాలే, ఆ లోపు పూర్తవుతుంది. అలవాటు పడడానికి అది చాలు.

దీనికి ముందుకొచ్చే జంటలు ఎన్నో కామెంట్లలో చెప్పండి. ఒక్కటీ లేకపోతే ఫోటోలు దిగడం మానేద్దాం.