టీసీ ఎవని జాగీరు?

హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంల సింథటిక్ ట్రాక్ ఉంది. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడనే జరిగినయి. సంతోషమే. కానీ మాల, మాదిగ వాడల పిల్లలు అక్కడిదాక పోవాలంటే కాళ్లల్ల సత్తువ చాలదు, చేతిల కాగితం ఉండాలె.

మా బడికి తొమ్మిదో తరగతిల ఒక పిల్ల వచ్చింది. తల్లిదండ్రులు కూలి కోసం ఊరు మారినోళ్లు. పాత ప్రైవేటు బడివాళ్లు ఫీజు బాకీ ఉన్నదని టీసీ ఆపిండ్రు. టీసీ లేనిదే అడ్మిషన్ నంబరు లేదు. నంబరు లేనిదే స్కూల్ గేమ్స్ ఫారం మీద సంతకం లేదు. కబడ్డీల కూతకు పోతే పట్టేటోళ్లు లేని పిల్ల, మండల సెలక్షన్ల నాడు గీత బయట కూచున్నది. ఆడిట్‌కు భయపడి మేమూ నోరు మూసుకున్నం. ఆ తప్పు మాది.

చట్టం లేదా? ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ వెంటనే ఇయ్యాలె. అది ఆలస్యమైందని సర్కారు బడి పిల్లను చేర్చుకోకుండ ఉండరాదు. ఆలస్యం చేసిన హెడ్మాస్టర్ మీద చర్య తీసుకోవాలె. కానీ ఆ హక్కు 14 ఏండ్లకు, ఎనిమిదో తరగతికి ఆగిపోతది. అండర్-17 ఆడేది తొమ్మిది, పది చదివే పిల్లలు! ఆట పదునెక్కే వయసుకే చట్టం చేయి వదిలేస్తది.

నిబంధన లేకుంటే బడులు ఆటగాళ్లను కొనుక్కుంటయి అంటరు పెద్దలు. కొంటున్నదెవరు? ఫీజు మాఫీ, హాస్టల్ ఆశ చూపి గుంజుకునేది పైసలున్న బడులే. వాళ్లకు టీసీ ఒక్క పూటల వస్తది. కొన్న బడిని పోటీల నుంచి వెళ్లగొట్టండి, వద్దన్నమా? వలస కూలోని బిడ్డ ఏం పాపం చేసింది?

ఇది ఉత్త ఆటల ముచ్చట కాదు. ఆ సర్టిఫికెటే రేపు స్పోర్ట్స్ కోటల సీటు, కొలువు. మన పర్వతగిరి మండలం కల్లెడ కూలోళ్ల బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్ల పరుగుల కాంస్యం తెచ్చింది. అసొంటి బిడ్డలు ఇంకెందరు ఏ ఆఫీసు బీరువా ముందు ఆగిపోయిండ్రో ఎవరు లెక్కపెట్టిండ్రు?

5వ సెక్షన్ రక్షణ పదో తరగతి దాక పెంచాలె. బాకీ ఉంటే తల్లిదండ్రులను అడగండి, టీసీ ఆపొద్దు. హాజరుపట్టీల పేరుంటే ఫారం మీద సంతకం పెట్టాలె. హెడ్మాస్టర్లయిన మన దళిత సోదరులారా, ముందు మన పెన్నులు కదలాలె.

ఏకలవ్యుని వేలు ఒకనాడు తీసుకున్నరు. మా పిల్లల కాళ్లు ఇయ్యం.

జై భీమ్!